"హ్యూమన్ ఎర్రర్" అని రాసే ముందు: సర్వర్లకు కాపలా కాసిన చరిత్ర

ఈరోజు ఎపిసోడ్ మా పెనుగొలను నుంచే. డాబా మీద కూర్చుని మాట్లాడుతున్నాను. మధ్యలో మోటారు మోత, ట్రాక్టర్ చప్పుడు వినిపిస్తే ఏమనుకోకండి.

ముందు మీకో రాత్రి గుర్తుచేస్తాను. 2021 అక్టోబర్ 4, సోమవారం. రాత్రి 9 దాటింది. వాట్సాప్ మెసేజ్ వెళ్ళట్లేదు. ఇన్‌స్టా తెరుచుకోవట్లేదు. ఫేస్‌బుక్ లేదు. మీరేం చేసుంటారో నాకు తెలుసు. డేటా ఉందా లేదా చూసుకుని, ఫ్లైట్ మోడ్ పెట్టి తీసి, చివరికి ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసుంటారు. మా పక్కింటి కుర్రాడైతే ప్యాక్ అయిపోయిందనుకుని రీఛార్జ్ కూడా చేయించేశాడు.

మీ ఫోన్‌లో ఏ తప్పూ లేదు. అక్కడ ఫేస్‌బుక్ వాళ్ళు మామూలుగా చేసే మెయింటెనెన్స్‌లో ఒక కమాండ్ ఇచ్చారు. తమ డేటా సెంటర్లను కలిపే నెట్‌వర్క్ కెపాసిటీ ఎంతుందో చూద్దామని. ఆ కమాండ్ మొత్తం నెట్‌వర్క్‌నే విడగొట్టేసింది. ఇలాంటి ప్రమాదకరమైన కమాండ్లను ఆపడానికి ఒక టూల్ ఉంది. దాంట్లోనే బగ్ ఉంది, ఆపలేదు. సరే, పడిపోయింది, బాగుచేద్దామంటే, బాగుచేసే టూల్స్ కూడా అదే నెట్‌వర్క్ మీద ఉన్నాయి. ఇంటికి తాళం వేసి తాళంచెవి లోపలే మర్చిపోయినట్టు. ఇంజనీర్లు స్వయంగా డేటా సెంటర్లకు వెళ్ళాల్సి వచ్చింది. సుమారు ఆరు గంటలు పట్టింది.

ఈరోజు టాపిక్ అదే. కంప్యూటర్లను చూస్తూ ఉండే కంప్యూటర్లు. మానిటరింగ్ సాఫ్ట్‌వేర్. అది ఎలా పుట్టింది, దాన్ని నడిపే అడ్మినిస్ట్రేటర్ ట్రైనింగ్‌లో "అడ్వాన్స్‌డ్" అనే మాటకు అసలు అర్థం ఏంటి. బోర్ సబ్జెక్ట్ అనుకోకండి. దీనివల్ల ఒక కుర్రాడి ఉద్యోగం పోయింది. అందులో నా పాత్ర ఉంది. మధ్యలో చెప్తాను.

మా ఊరి పేరు చూడండి. పెను అంటే పెద్ద. కొలను అంటే మీకు తెలుసు. నీళ్ళ పేరు పెట్టుకున్న ఊరు. నీళ్ళున్న చోట కాపలా ఎప్పుడూ ఉంటుంది. వానాకాలం టీవీలో కింద స్క్రోలింగ్ చూస్తారుగా: భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు, మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అడుగులైతే రెండోది. 53 అయితే మూడోది. 1986లో ఆ నీటిమట్టం 75 అడుగులు దాటింది. విజయవాడలో ప్రకాశం బ్యారేజీకి లెక్క అడుగుల్లో కాదు, క్యూసెక్కుల్లో. 3 లక్షల 97 వేల క్యూసెక్కులైతే మొదటి హెచ్చరిక, 5 లక్షల 69 వేలైతే రెండోది.

ఇదే మానిటరింగ్. ఒక కొలత, దానికో గీత, గీత దాటితే ఎవరికి చెప్పాలి, వాళ్ళు ఏం చేయాలి. సర్వర్‌లో అయినా ఇంతే. డిస్క్ 90 శాతం నిండితే హెచ్చరిక, 95 అయితే ప్రమాదం. ఒక్కమాట గుర్తుపెట్టుకోండి. గీత లేని చోటు నుంచి కూడా నీళ్ళు వస్తాయి. 2024 సెప్టెంబర్‌లో బ్యారేజీకి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వచ్చాయి, అది రికార్డు. కానీ అదే రోజుల్లో సింగ్‌నగర్ ఇళ్ళలోకి వచ్చిన నీళ్ళు కృష్ణవి కాదు, బుడమేరువి.

సరే, కంప్యూటర్లలోకి వద్దాం.

1983 డిసెంబర్. అమెరికా సైన్యానికి చెందిన ఒక పరిశోధనశాలలో మైక్ మ్యూస్ అనే ఆయన పనిచేస్తున్నాడు. నెట్‌వర్క్ ఏదో తిక్కగా ప్రవర్తిస్తోంది. కారణం పట్టుకోవడానికి ఒక సాయంత్రం కూర్చుని చిన్న ప్రోగ్రాం రాశాడు. అవతలి కంప్యూటర్‌ని "ఉన్నావా?" అని అడుగుతుంది. అది "ఉన్నా" అంటుంది. ఎంతసేపట్లో అందో చెప్తుంది. అంతే. సబ్‌మెరైన్లలో సోనార్ శబ్దం గుర్తొచ్చి దానికి పింగ్ అని పేరు పెట్టాడు. మీరు "ఒకసారి పింగ్ చెయ్ బ్రో" అంటారు చూడండి, అలా నెట్‌వర్క్‌లోకి వచ్చిన మాటే అది.

పింగ్‌కి ఒక లోపం ఉంది. మనిషి బతికున్నాడా అని తెలుస్తుంది, జ్వరం ఎంతో తెలియదు. అందుకే 1988లో ఎస్ఎన్ఎంపీ అనే పద్ధతి వచ్చింది. రూటర్లు, స్విచ్‌లు తమ లోపలి సంగతులు చెప్పడానికి ఒక ఉమ్మడి భాష అన్నమాట. దీంట్లో రెండు దారులు. ఒకటి, మనమే ఐదు నిమిషాలకోసారి వెళ్ళి అడగడం. రెండు, ఏదైనా అయితే అదే అరిచి చెప్పడం. ఈ అరుపును ట్రాప్ అంటారు. అడగడం, అరవడం. ఇప్పటికీ ఎంత పెద్ద సాఫ్ట్‌వేర్ తీసుకున్నా కింద ఉండేది ఈ రెండే.

దాని మీద పెద్ద వ్యాపారం లేచింది. హెచ్‌పీ కంపెనీ ఓపెన్‌వ్యూ తెచ్చింది. 1989లో ఆస్టిన్‌లో మొదలైన టివోలీని 1996లో ఐబీఎం 70 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొంది. ఇవన్నీ బ్యాంకులకు, టెలికాం కంపెనీలకు అమ్మే సరుకు. లైసెన్స్ ఖరీదు, నడపడం కష్టం. అందుకే సాఫ్ట్‌వేర్‌తో పాటు ట్రైనింగ్ కూడా ఒక సరుకైంది. బేసిక్ కోర్సు, అడ్వాన్స్‌డ్ అడ్మినిస్ట్రేషన్ కోర్సు, సర్టిఫికెట్ పరీక్ష.

ఇక్కడ మన హైదరాబాద్ కథలోకి వస్తుంది. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించారు. అప్పటికే వైటూకే పని నడుస్తోంది. తర్వాత కంపెనీలకు ఒక సంగతి అర్థమైంది. అక్కడ పగలైతే మనకు రాత్రి, అక్కడ రాత్రైతే మనకు పగలు. అమెరికాలో సర్వర్ ఉంటే దాని కాపలా హైదరాబాద్‌లో కూర్చుని కాయొచ్చు. అలా నైట్ షిఫ్టులు, క్యాబ్‌లు, పెద్ద స్క్రీన్ల ముందు కూర్చునే ఉద్యోగాలు వచ్చాయి.

ఆ ఉద్యోగాలకు మనుషులు కావాలి. మా బోటి వాళ్ళకు దారి అమీర్‌పేట. నేను తిరువూరులో డిగ్రీ చేసి, 2006లో మధిర వెళ్ళి రైలెక్కాను. మైత్రీవనం దగ్గర దిగితే తల పైకెత్తి చూడ్డమే. ఏ బిల్డింగ్ చూసినా కోర్సుల బోర్డులే. చేతిలో కరపత్రాలు పెట్టేవాళ్ళు, "ఫ్రీ డెమో ఉంది రండి" అనేవాళ్ళు. హాస్టల్ రూమ్‌లో ఐదుగురం. ఒక కంప్యూటర్‌కి ముగ్గురం. స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్స్ మెటీరియల్. అమీర్‌పేటని చాలామంది ఎగతాళి చేస్తారు. నేను చేయను. ఇంగ్లీషు సరిగా రాని పల్లెటూరి కుర్రాళ్ళకు తెలుగులో సర్వర్ అంటే ఏంటో చెప్పిన చోటు అది.

నేను చేరింది నాగియోస్ అనే టూల్ కోర్సులో. దీని కథ బాగుంటుంది. 1999లో ఈథన్ గాల్‌స్టాడ్ అనే అమెరికన్ కుర్రాడు నెట్‌సెయింట్ పేరుతో ఫ్రీగా వదిలాడు. పేరు మీద ట్రేడ్‌మార్క్ తగాదా వచ్చి 2002లో నాగియోస్ అని మార్చాడు. కోట్లు పెట్టి కొనే పని, పాత కంప్యూటర్ మీద ఊరికే చేసుకునేలా ఇచ్చాడు. దాంట్లో నాలుగు మాటలే. ఓకే, వార్నింగ్, క్రిటికల్, అన్‌నోన్. పచ్చ, పసుపు, ఎరుపు, నారింజ.

45 రోజుల కోర్సు. ఇన్‌స్టాల్ చేయడం, సర్వర్‌ని చేర్చడం, ఎరుపు వస్తే మెయిల్ వెళ్ళేలా పెట్టడం నేర్పారు. మెటీరియల్‌లో చివరి చాప్టర్ పేరు "అడ్వాన్స్‌డ్ అడ్మినిస్ట్రేషన్". అది ఎప్పుడు చెప్తారు సార్ అని అడిగితే, "అది జాబ్‌లో నేర్చుకుంటార్లే" అన్నారు. బ్యాచ్ అయిపోయింది. నేనూ ఊరుకున్నాను.

ఇప్పుడు ఆ రాత్రి. 2010 వేసవి. నేను అప్పటికి ఒక కంపెనీలో మానిటరింగ్ అడ్మిన్‌ని. పేరు అనవసరం. అమెరికాలో ఒక దుకాణాల చైన్‌కి సర్వర్లు చూసేవాళ్ళం. టూల్ సెటప్ చేసింది నేనే. షిఫ్టులో ఉన్నది మధిర దగ్గర ఊరి కుర్రాడు, చేరి నాలుగు నెలలైంది. పక్క జిల్లా అయినా మాకు దగ్గరే, అందుకే నన్ను అన్నా అనేవాడు.

అర్ధరాత్రి దాటాక ఒక రూటర్ పడుతూ లేస్తూ ఉంది. ఆ రూటర్ వెనకాల వందకు పైగా సర్వర్లు. రూటర్ పడితే మా టూల్‌కి ఏ సర్వరూ కనపడదు. కనపడకపోతే అన్నీ చచ్చిపోయాయనే అనుకుంటుంది. ఒక్కోదానికి ఒక మెయిల్. లేస్తే "లేచింది" అని ఇంకో మెయిల్. మళ్ళీ పడింది, మళ్ళీ లేచింది. ఆ కుర్రాడు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, మెయిల్స్ ఆగట్లేదు, ఏది చూడమంటారు?" నేను నిద్రలో, "రూటర్ టీమ్‌కి చెప్పు, మిగతావి వదిలెయ్" అన్నాను. వాడు అదే చేశాడు.

ఆ వందల మెయిల్స్ మధ్యలో ఒకటి నిజం. బిల్లింగ్ డేటాబేస్ డిస్క్ 95 శాతం. అది నిండిపోయింది. అక్కడ దుకాణాల్లో రెండు గంటలు బిల్లులు ఆగిపోయాయి.

మర్నాడు రిపోర్ట్ రాశారు. కారణం: హ్యూమన్ ఎర్రర్. అలారం వచ్చింది, ఆపరేటర్ చూడలేదు. కాగితం మీద అది నిజమే. నెలాఖరుకి ఆ కుర్రాడిని పంపేశారు. మీటింగ్‌లో నేనున్నాను. "వదిలెయ్ అన్నది నేనే" అని చెప్పలేదు. ఇల్లు, చెల్లి పెళ్ళి అప్పు, ఏవేవో లెక్కలు వేసుకున్నాను. నోరు విప్పలేదు.

రూమ్‌కి వెళ్ళి ఆ జిరాక్స్ పుస్తకం తీశాను. చదవని చివరి చాప్టర్. దాంట్లో ఉంది. పేరెంట్ అనే ఒక్క లైను. ఈ సర్వర్లకు పేరెంట్ ఈ రూటర్ అని రాసి, దానికి తగ్గట్టు మెయిల్ సెట్టింగ్ పెడితే చాలు. రూటర్ పడ్డప్పుడు టూల్ వెనకాల సర్వర్లను "డౌన్" అనదు, "అన్‌రీచబుల్" అంటుంది. అంటే చచ్చాయని కాదు, నాకు దారి లేదని. మెయిల్ ఒక్క రూటర్‌కే వస్తుంది. మన ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ కాలితే వందమంది లైన్‌మన్‌కి ఫోన్ చేస్తారు. వంద ఇళ్ళలో వంద రిపేర్లు లేవు, ఉన్నది ఒకటే. అది తెలిసినవాడే లైన్‌మన్. నా టూల్‌కి నేను అది చెప్పలేదు.

ఇది నా ఒక్కడి కథైతే ఎపిసోడ్ అక్కర్లేదు. చరిత్రలో ఇది ముందే జరిగింది, చాలా పెద్దగా.

1979 మార్చి 28. అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రం. తెల్లవారుజామున ఒక పంపు ఆగింది. ప్రెషర్ తగ్గించే వాల్వ్ తెరుచుకుని, మూసుకోకుండా ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూమ్‌లో లైటేమో మూసుకుందన్నట్టు చూపించింది. ఎందుకంటే ఆ లైటు చెప్పేది "మూసుకో అని కమాండ్ వెళ్ళింది" అని. నిజంగా మూసుకుందో లేదో దానికి తెలియదు. మొదట్లోనే వందకు పైగా అలారాలు ఒకేసారి మోగాయి. అక్కర్లేనివి ఆపి ముఖ్యమైనవి చూపించే దారి లేదు. అలారాలు అచ్చువేసే ప్రింటర్ ఒక దశలో రెండు గంటలకు పైగా వెనకబడింది. రియాక్టర్ లోపలి భాగం కొంత కరిగిపోయింది.

తప్పు ఆపరేటర్లదన్నారు. ప్రెసిడెంట్ కార్టర్ ఒక కమిషన్ వేశారు. అధ్యక్షుడు జాన్ కెమెనీ. ఈ పేరు తెలుసా? బేసిక్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ తయారుచేసిన ఇద్దరిలో ఒకాయన. కమిషన్ ఏం తేల్చిందంటే, ఆపరేటర్లు పొరపాటు చేశారు, నిజమే. కానీ వాళ్ళకు ఇచ్చిన ట్రైనింగ్ చాలదు, సూచనలు గందరగోళం, కంట్రోల్ రూమ్ డిజైన్ బాగోలేదు. మనిషి తప్పు వెనకాల ఎవరున్నారో చూడమంది. నేను ఇది చదివింది మా సంగతి జరిగిన చాలా ఏళ్ళకు. చదివి ఆ రాత్రి మళ్ళీ నిద్రపట్టలేదు.

ఇంకో కథ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. 2003 ఆగస్టు 14. అమెరికాలో ఒహైయో రాష్ట్రం, ఫస్ట్‌ఎనర్జీ అనే కరెంటు కంపెనీ కంట్రోల్ రూమ్. మధ్యాహ్నం 2 గంటల 14 నిమిషాల తర్వాత వాళ్ళ అలారం సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. చప్పుడు లేకుండా. బయట లైన్లు చెట్లకు తగిలి ఒక్కోటి ట్రిప్ అవుతున్నాయి. లోపల ఒక్క అలారం లేదు. అలారం లేదంటే అంతా బాగుందనే కదా ఎవరైనా అనుకునేది. బయటివాళ్ళు ఫోన్లు చేసి చెప్తున్నా, మా స్క్రీన్ బాగానే ఉందే అనుకున్నారు. గంటకు పైగా అలారం పోయిందనే తెలియలేదు. సాయంత్రం 4 దాటేసరికి అమెరికా, కెనడాల్లో సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. తర్వాత వెతికితే సాఫ్ట్‌వేర్‌లో బగ్ దొరికింది. రెండు పనులు ఒకే సమాచారం మీద ఒకే క్షణంలో చేయిపెట్టడం.

ఒకచోట అలారాలు ఎక్కువై మునిగిపోయారు. ఇంకోచోట అలారమే చచ్చిపోయి మునిగిపోయారు. మరి కాపలావాడికి కాపలా ఎవరు? మనకు తెలిసిన జవాబే. రాత్రి వీధిలో గూర్ఖా విజిల్ వేస్తూ తిరుగుతాడు. ఆ విజిల్ వినపడినంతసేపు నిద్రపోవచ్చు. వినపడకపోతేనే లేచి చూడాలి. 2012లో సౌండ్‌క్లౌడ్ కంపెనీలో మొదలైన ప్రోమీథియస్ అనే టూల్‌తో ఇప్పుడు చాలామంది ఇదే చేస్తారు. వాచ్‌డాగ్ అని ఒక అలారం ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. అది ఆగితే బయటనున్న ఇంకో సిస్టమ్ మనిషిని లేపుతుంది. ఆ ఇంకో సిస్టమ్ వేరే చోట ఉండాలి. అదే నెట్‌వర్క్ మీద పెడితే ఫేస్‌బుక్ తాళంచెవి కథే.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అడ్వాన్స్‌డ్ అంటే ఎక్కువ బటన్లు కాదు. నాలుగు ప్రశ్నలు. ఏది పడితే ఏవి పడ్డట్టు కనిపిస్తాయి? ఈ అలారానికి అర్ధరాత్రి మనిషిని లేపడం అవసరమా, పొద్దున్న చూస్తే చాలా? లేచిన మనిషి ఏం చేయాలో రాసి ఉందా? నా టూలే పడిపోతే నాకెలా తెలుస్తుంది? ఏ కోర్సు వాళ్ళైనా ఈ నాలుగూ చేయించి చూపిస్తే ఫీజు కట్టండి. "అది జాబ్‌లో నేర్చుకుంటార్లే" అంటే అక్కడి నుంచి లేచి రండి. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకుని వెళ్ళకండి. ఆ రాత్రి వచ్చినప్పుడు సర్టిఫికెట్ ఫోన్ ఎత్తదు.

నేర్చుకోవడానికి ఇప్పుడు అమీర్‌పేట దాకా వెళ్ళక్కర్లేదు కూడా. పాత ల్యాప్‌టాప్ ఒకటి, ఫ్రీ టూల్ ఒకటి చాలు. ఇంట్లో వైఫై రూటర్‌ని పేరెంట్‌గా పెట్టి, ఫోన్లను దాని వెనకాల చేర్చి, రూటర్ ప్లగ్ పీకి చూడండి. ఎన్ని అలారాలు వచ్చాయో లెక్కపెట్టండి. ఒకటి వస్తే మీరు పాసైనట్టు.

ఇంకో సంగతి. ఈ టూల్స్ మనం కాపలా కాయడానికే కాదు, తయారుచేయడానికి కూడా. 1996లో అడ్వెంట్‌నెట్‌గా మొదలైన కంపెనీ తొలి సరుకు నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేరే. అదే ఇప్పటి జోహో. వాళ్ళ మేనేజ్ఇంజిన్ ప్రపంచమంతా వాడుతున్నారు. మన రేణిగుంటలో కూడా వాళ్ళ ఆఫీసుంది.

2024 జూలై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఒకటి తేడా చేసి, ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో నిలిచిపోయాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్ళే ప్రయాణికుడికి పెన్నుతో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో వైరల్ అయింది. కాపలా కాయడానికి పెట్టిందే పడేసింది. అందరూ ఆ కాగితాన్ని చూసి నవ్వారు. నేను మాత్రం కౌంటర్ వెనకాల పెన్ను పట్టుకున్న మనిషి గురించి ఆలోచించాను. సిస్టమ్ పడ్డప్పుడు తిట్లు తినేది ఆ మనిషే.

చివరిగా, మధిర తమ్ముడికి ఒక మాట. నువ్వు ఏడాది తిరగకుండా వేరే చోట చేరావని, ఇప్పుడు బాగున్నావని విన్నాను. సంతోషం. ఈ మాట నేను ఆ మీటింగ్‌లో చెప్పాల్సింది. ఆ రాత్రి తప్పు నీది కాదు. ఆ ఒక్క లైను రాయనిది నేను. వదిలెయ్ అన్నదీ నేనే.

మీలో ఎవరైనా రేపు అడ్మిన్ సీట్లో కూర్చుంటే, రిపోర్ట్‌లో "హ్యూమన్ ఎర్రర్" అని టైప్ చేసే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఏ హ్యూమన్? అలారం చూడనివాడా, అలారాలు అలా పేర్చినవాడా?

వచ్చే ఎపిసోడ్‌లో అమీర్‌పేట హాస్టళ్ళ గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉంటాను మరి. జాగ్రత్త.